1500 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టాలంటే: మూడో రౌండ్ నుంచి వెనక్కి వేసుకునే పేస్ లెక్క

1998 జులై 14న రోమ్‌లో మొరాకో రన్నర్ హిషామ్ ఎల్ గెరూజ్ 1500 మీటర్లు 3:26.00లో పరిగెత్తాడు. మన ఊళ్లలో ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడే రోజులవి. ఆ తర్వాత స్పైక్స్ (మేకుల బూట్లు) మారాయి, ట్రాక్ అంచున పరిగెత్తే లైట్లు వచ్చాయి. ఆ అంకె మాత్రం నేనిది రాసేనాటికి కదల్లేదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవాళ్లున్నారు: బెర్నార్డ్ లగాట్ 2001లో బ్రసెల్స్‌లో 3:26.34, ఆస్బెల్ కిప్రోప్ 2015లో మొనాకోలో 3:26.69, యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 2024లో అదే మొనాకోలో 3:26.73.

ఇది చదివేవాళ్లలో ఎవరూ వచ్చే వేసవికి మొనాకో టికెట్ తీసుకోరని నాకు తెలుసు. అయినా పెద్ద అంకెతోనే చెబుతున్నా. 3:26 కొట్టేవాడికైనా, 4:30 కొట్టాలని తంటాలు పడే డిగ్రీ కుర్రాడికైనా లెక్క ఒకటే. ఒక్కో రౌండ్ ఎంతలో వెయ్యాలన్నదే తేడా.

నా వాదన ముందే చెప్పేస్తా. అందరూ చివరి 300 గురించి, కిక్ (ఆఖరి ఊపు) గురించి మాట్లాడతారు. రికార్డు పోయేది అక్కడ కాదు, 800కీ 1200కీ మధ్య, అంటే మూడో రౌండ్‌లో. కాబట్టి ప్లాన్ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. అంకెని ముక్కలు చేసుకోండి

3:26.00 అంటే 206 సెకన్లు. 100 మీటర్లకి 13.73, రౌండ్‌కి (400 మీటర్లకి) 54.93. 'ఎలాగోలా ఒక వెయ్యోవంతు తగ్గిస్తే చాలు కదా' అనుకుంటే దెబ్బతింటారు. ఫొటో ఫినిష్‌లో టైమ్‌ని వెయ్యోవంతు దాకా చూసి, దాని పైనున్న వందోవంతుకి జరుపుతారు. 3:25.991లో గీత దాటినా బోర్డు మీద పడేది 3:26.00. అంత కష్టపడి రికార్డు సమం చేసినవాడిగా మిగిలిపోతారు.

అందుకే అర సెకను చేతిలో ఉంచుకుని 3:25.5కి ప్లాన్ వేసుకోవాలి. 100కి 13.7, 200కి 27.4, 400కి 54.8.

ఇక్కడ చాలామంది తికమక పడే సంగతి ఒకటుంది. 1500 అంటే మూడుముప్పావు రౌండ్లు. స్టార్ట్ బ్యాక్ స్ట్రెయిట్ (ట్రాక్‌కి వెనకవైపు నేరు భాగం) మొదట్లో ఉంటుంది, ఫినిష్ ఎదురుపక్కన. స్టేడియం గడియారం ముందు నుంచి మీరు వెళ్లేది 300, 700, 1100 దగ్గర. 400, 800, 1200 మాత్రం మళ్లీ స్టార్ట్ గీత దగ్గరే పడతాయి. అంటే కోచ్ ఫినిష్ దగ్గర నిలబడితే ఒక పట్టిక కావాలి, స్టార్ట్ దగ్గర నిలబడితే ఇంకోటి. సమ వేగంతో వెళ్తే:

ఫినిష్ దగ్గర: 300కి 41.1, 700కి 1:35.9, 1100కి (చివరి రౌండ్ గంట మోగే చోటు) 2:30.7, 1500కి 3:25.5.
స్టార్ట్ దగ్గర: 400కి 54.8, 800కి 1:49.6, 1200కి 2:44.4.

4:30 మీ గురి అయితే 100కి 18 సెకన్లు, రౌండ్‌కి 72, మొదటి 300కి 54. అరచేతి మీద పెన్నుతో రాసుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

2. మూడో రౌండ్‌ని ముందు రాయండి

1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ మైలు పరుగులో మొదటిసారి 4 నిమిషాల గోడ దాటాడు, 3:59.4లో. ఆ పరుగులో రౌండ్లు ఇలా పడ్డాయి: 57.5, 60.7, 62.3, 58.9. మూడోది చూడండి. మొదటిదానికన్నా దాదాపు 5 సెకన్లు ఎక్కువ.

45 ఏళ్ల తర్వాత, 1999 జులై 7న, ఎల్ గెరూజ్ అదే మైలుని రోమ్‌లో 3:43.13లో ముగించాడు. మొదటి రౌండ్ 55 పైచిలుకు, మధ్య రెండూ 56 పైచిలుకు, చివరిది మళ్లీ 55 దగ్గర. మూడో రౌండ్‌లో జారింది సెకనున్నర కూడా లేదు. ఈ ఇద్దరి మధ్య 16 సెకన్ల తేడా ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే బూట్లని చెప్పొచ్చు, బొగ్గుపొడి ట్రాక్ పోయి సింథటిక్ వచ్చిందని చెప్పొచ్చు, ట్రైనింగ్ అని చెప్పొచ్చు. కాగితం మీద నాకు ముందు కనిపించేది మూడో రౌండే.

ఎందుకక్కడ జారతాం? 1500 పరుగుకి కావాల్సిన శక్తిలో సుమారు 84 శాతం ఆక్సిజన్ దారిలోనే వస్తుంది. 800 మీటర్లకి వచ్చేసరికి ఆ దారి నిండిపోయి ఉంటుంది, అంతకన్నా పెరగదు. మిగతాది కండరాలు ఆక్సిజన్ లేకుండా కాల్చుకుంటున్నాయి, ఆ బూడిదంతా కాళ్లలో పేరుకుంటోంది. ముందుండి వేగం చూపించే పేసర్ తప్పుకునే వేళ కూడా అదే. గంట ఇంకా మోగలేదు, జనం ఇంకా లేవలేదు. తల లోపల ఒక గొంతు 'చివర్లో చూసుకుందాంలే' అంటుంది. అది తియ్యగా చెబుతుంది, మనం వింటాం.

కాబట్టి ప్లాన్ రాసేటప్పుడు మొదట మూడో రౌండ్ రాయండి: 55.1. దీనికి మించి జారకూడదు. దాని మీద ఆధారపడి మిగతావి: మొదటిది 54.6, రెండోది 54.8, చివరి 300కి 41.0. మొత్తం 205.5. మొదటి రౌండ్‌లో తీసుకున్న అప్పు రెండు పదోవంతులే. అక్కడ 53.5 వేసి 'ఒక సెకను మిగిలింది' అని మురిసిపోయేవాడు మూడో రౌండ్‌లో వడ్డీతో కలిపి కడతాడు.

3. పేసర్లని కుదుర్చుకోండి, జాగ్రత్తగా

గ్రిఫిత్ ప్యూ అని ఒక శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవాడు. 1953 ఎవరెస్ట్ జట్టుతో వెళ్లినాయనే. 1971లో ఆయన గాలి సొరంగంలో రన్నర్‌ని పరిగెత్తించి కొలిచాడు. మధ్యదూరపు వేగంలో మనం పెట్టే శక్తిలో సుమారు 7.5 శాతం ఒట్టి గాలిని తోయడానికే పోతుందట. మీటరు దూరంలో ఒకడి వెనక నక్కితే ఆక్సిజన్ ఖర్చు సుమారు 6.5 శాతం తగ్గిందట. పేసర్‌కి డబ్బులిచ్చి తెచ్చుకునేది అందుకే. అతను గడియారమే కాదు, గోడ కూడా.

ఇద్దరు కావాలి. మొదటివాడు 800 దాకా, రెండోవాడు కనీసం 1000 దాకా. రెండోవాడు దొరకడమే కష్టం. ఈ వేగంతో 1000 మీటర్లు 2:17లో సాఫీగా లాగి, తన గెలుపు కోసం కాకుండా మీ కోసం పరిగెత్తాలి. 1998లో ఎల్ గెరూజ్‌కి పేస్ ఇచ్చినవాళ్లలో నోవా ఎన్‌గెనీ ఒకడు. ఆ కెన్యా కుర్రాడే మరుసటి ఏడాది, 1999లో, రియేటిలో 1000 మీటర్లకి 2:11.96తో ప్రపంచ రికార్డు పెట్టాడు. అంతటివాడు ముందుంటే గోడ గట్టిగానే ఉంటుంది మరి.

పేసర్‌కి చెప్పే అంకె, మీ అంకె ఒకటి కావు. ఈ వేగంలో సెకనుకి 7.3 మీటర్లు వెళ్తారు. మీరు అతని వెనక రెండు మీటర్లలో ఉంటే, మీరు 54.6లో దాటాలంటే అతను 54.3లో దాటాలి. ఈ తేడా చెప్పకపోతే అతను తన పని సరిగ్గా చేశానని అనుకుంటాడు, మీరు ప్రతి రౌండ్‌కీ వెనకబడతారు.

పేసర్ తప్పు ఎలా ఉంటుందో నాకు స్వానుభవం. యూనివర్సిటీ మీట్‌లో మా హాస్టల్ సీనియర్‌కి నన్ను పేసర్‌గా పెట్టారు. 64లో రౌండ్ వెయ్యమన్నారు. గన్ పేలగానే నాకు ఒళ్లు తెలియలేదు, 59లో వేశాను. వెనక్కి చూస్తే మా సీనియర్ 30 మీటర్ల దూరంలో ఒంటరిగా గాలికి ఎదురీదుతున్నాడు. నేను ఆగి వేచి ఉండలేను, వెనక్కి వెళ్లలేను. రెండో రౌండ్ సగంలో ట్రాక్ దిగిపోతే పీడీ సారు ఒకటే మాటన్నారు: "ఎవడి కోసం పరిగెత్తావురా?" ఇప్పుడు ఎవరికైనా పేసర్ల గురించి చెప్పేటప్పుడు నేనూ అదే అడుగుతాను.

నియమాలు కూడా చూసుకోండి. పేసర్ గన్‌తో పాటే మొదలవ్వాలి, మధ్యలో తాజాగా దిగకూడదు. ఆడవాళ్ల రికార్డుకి మగ పేసర్లు పనికిరారు. 2025 జూన్ 26న పారిస్‌లో కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ 4 నిమిషాల్లోపు మైలు కోసం ప్రయత్నించినప్పుడు ముందూ వెనకా మగ పేసర్లని గాలి తగలని గూడులా నిలబెట్టారు. 4:06 పైచిలుకు వచ్చింది. తన పేరు మీదున్న 4:07.64 రికార్డుకన్నా వేగం, అయినా పుస్తకంలోకి ఎక్కలేదు. సరిగ్గా తొమ్మిది రోజులకి, జులై 5న, యూజీన్‌లో మామూలు రేస్‌లో 1500ని 3:48.68లో పరిగెత్తి అసలు రికార్డు పెట్టిందావిడ. రౌండ్‌కి 61 సెకన్లకి ఒక పిసరు తక్కువ.

4. లైట్లని నమ్మండి, కానీ వెంటపడకండి

ట్రాక్ లోపలి అంచున, పెట్టిన వేగంతో వెలుగుతూ పరిగెత్తే లైట్లు ఇప్పుడు చాలా పెద్ద మీట్లలో ఉన్నాయి. రౌండ్‌కో వేగం పెట్టించుకునే వీలుంటే 2వ అంశంలోని 54.6, 54.8, 55.1 పెట్టించండి. లైటు ఆయాసపడదు, నాలాగా 59 వెయ్యదు. కానీ గాలి ఆపదు. ఇంకో ప్రమాదం: మూడో రౌండ్‌లో లైటు రెండు మీటర్లు ముందుకెళ్లగానే కుర్రాళ్లు కంగారుపడి ఒక్క ఉదుటున అందుకోబోతారు. ఆ ఉదుటుకి అయ్యే ఖర్చు ఆ రెండు మీటర్లకన్నా ఎక్కువ. పోయిన దూరాన్ని 200 మీటర్ల మీద పరిచి మెల్లగా తెచ్చుకోవాలి.

5. మొదటి 200: చేతులు కట్టేసుకున్నట్టు

రేస్ ముందు రెండు వారాలు ట్రైనింగ్ తగ్గించి ఉంటారు. కాళ్లు కోడెదూడల్లా ఉంటాయి. కండరాల్లో అప్పటికప్పుడు వాడుకునే నిల్వ శక్తి నిండుగా ఉంటుంది, ఆక్సిజన్ లెక్క ఇంకా మొదలే కాలేదు. అందుకే 26లో వేసిన 200 కూడా షికారులా అనిపిస్తుంది. ఈ అనిపించడాన్ని నమ్మకండి.

పన్నెండు మంది ఒకే వంపు గీత మీద నిలబడతారు. 80 మీటర్ల పైచిలుకు స్ట్రెయిట్ తర్వాత బెండ్ (మలుపు) వస్తుంది. అందరూ ఆ బెండ్‌లోకి లోపలి అంచున దూరాలని చూస్తారు. మోచేతులు తగులుతాయి, స్పైక్స్ గీరుకుంటాయి. పేసర్లిద్దరూ ముందు, మీరు మూడో స్థానంలో, ఇదీ ముందే మాట్లాడుకున్న వరస. మొదటి 50 మీటర్లు చురుగ్గా వెళ్లి చోటు పట్టుకోండి, ఆ వెంటనే ఊపిరి వదిలి భుజాలు దించండి. 200 దగ్గర 27.2 అయితే బంగారం, 26.5 అయితే మీకు మీరే 'ఆగరా' అని చెప్పుకోవాలి.

2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ దీనికి పాఠం. అక్కడ పేసర్లుండరు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ తనే ముందుకెళ్లి మొదటి 400ని 54 పైచిలుకులో లాగాడు, అంటే సరిగ్గా ప్రపంచ రికార్డు వేగం. గాలంతా అతనొక్కడే తిన్నాడు, వెనకున్నవాళ్లు అతని నీడలో వచ్చారు. చివర్లో కోల్ హాకర్ 3:27.65తో గెలిస్తే, ఇంగెబ్రిగ్ట్‌సెన్ 3:28.24తో నాలుగో స్థానంలో పడ్డాడు.

6. 200 నుంచి 800: కనపడకుండా వెళ్లండి

ఇక్కడ చెయ్యాల్సింది తక్కువ. లోపలి అంచు వదలకండి. మీటరు బయటికి జరిగి పూర్తి రౌండ్ వేస్తే 6.28 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు, అంటే 0.86 సెకను. అర సెకను కోసం ఇంత లెక్క వేసి బెండ్‌లో పక్కవాడి పక్కన పరిగెడితే అది కాస్తా అక్కడే పోతుంది. దాటాల్సి వస్తే స్ట్రెయిట్‌లోనే దాటండి. చూపు పేసర్ వీపు మీద, భుజాల మధ్య ఉంచండి, కాళ్ల మీద కాదు.

7. 800 నుంచి 1200: అసలు రేస్

మొదటి పేసర్ తప్పుకునేటప్పుడు బయటికి అడుగేస్తాడు, ఆ క్షణంలో మీ అడుగు తెలియకుండానే తగ్గుతుంది. దీనికి మందు ఒకటే: అతను తప్పుకోవడానికి ముందే, 780 దగ్గర, మీ అడుగుల తాళం కాస్త పెంచండి. 'ఇదే వేగం ఉంచుకుందాం' అనుకునేవాడు జారతాడు. 'వేగం పెంచుతున్నా' అనుకునేవాడికి అదే వేగం నిలబడుతుంది. ఈ రౌండ్‌లో ఒంట్లో కష్టం పెరుగుతుంది, గడియారం పెరగదు. రెంటినీ కలిపి చూసుకోవడం మానాలి.

1000 దగ్గర, బెండ్ ముగిసి హోమ్ స్ట్రెయిట్ (ఫినిష్ వైపు నేరు భాగం) మొదలయ్యే చోట, రెండో పేసర్ పోతాడు. ఎదురుగా ఖాళీ ట్రాక్. అక్కడి నుంచి గంట దాకా 100 మీటర్లు. నన్నడిగితే రికార్డంతా ఈ 100 మీటర్లే.

ఇక్కడ ఇంకొకడు ఉంటే మంచిది, ముందు కాదు, వెనక. ఆస్ట్రేలియాకి చెందిన జాన్ లాండీ ఒంటరిగా పరిగెత్తి పరిగెత్తి మైలుకి 4:02 దగ్గరే ఆగిపోయేవాడు. 1954 జూన్ 21న ఫిన్లాండ్‌లోని తుర్కులో క్రిస్ చాటవే వెంటపడ్డాడు, లాండీకి 3:58.0 వచ్చింది. ఎల్ గెరూజ్ మైలు రికార్డులో కూడా వెన్నంటి వచ్చింది పాత పేసర్ ఎన్‌గెనీయే, 3:43.40తో. మీట్ నిర్వాహకులతో మాట్లాడేటప్పుడు పేసర్ల గురించి ఎంత బేరమాడతారో, మిమ్మల్ని ఓడించగలిగే ఒకడిని పిలిపించమని అంతే అడగండి. ఎన్‌గెనీ మరుసటి ఏడాది సిడ్నీలో ఎల్ గెరూజ్‌ని ఓడించి ఒలింపిక్ బంగారం పట్టుకెళ్లాడనుకోండి, అది వేరే కథ.

8. చివరి 300

గంట మోగేసరికి 2:30.8 అటూఇటూగా ఉంటే మీరు రేస్‌లో ఉన్నట్టే. 1200 నుంచి ఒక్కసారిగా కిక్ వద్దు. బ్యాక్ స్ట్రెయిట్‌లో చేతులు వెనక్కి బలంగా, బెండ్‌లో పొట్టి అడుగులు, హోమ్ స్ట్రెయిట్‌లో మిగిలిందంతా. దవడ బిగిస్తే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే భుజాలు లేస్తాయి, అడుగు చిన్నదవుతుంది. వెనక్కి చూడకండి. 1954 ఆగస్టులో వాంకోవర్‌లో అదే లాండీ చివరి బెండ్‌లో ఎడమ భుజం మీదుగా చూశాడు, బానిస్టర్ కుడివైపు నుంచి దాటేశాడు.

800 వాళ్లు ఇదంతా మర్చిపోవాలి

సమ వేగం సూత్రం 1500కి, మైలుకి. 800 వేరే జంతువు. 2012 ఆగస్టు 9న లండన్‌లో డేవిడ్ రుడీషా పేసర్ లేకుండా 1:40.91 కొట్టినప్పుడు 200లు ఇలా పడ్డాయి: 23.4, 25.9, 25.0, 26.6. మొదటి రౌండ్ 49.28, రెండోది 51 పైన. పురుషుల 800 ప్రపంచ రికార్డుల్లో రెండో రౌండ్ వేగంగా పడినవి అరుదు. ఇంత పొట్టి పరుగులో మొదట దాచుకున్న శక్తిని చివర్లో ఖర్చుపెట్టే చోటే ఉండదు. అయినా రుడీషా మూడో 200 చూడండి, రెండోదానికన్నా వేగం. అందరూ చచ్చే చోటే అతను గేరు మార్చాడు.

9. సాధన: వాచీ దాచిపెట్టి

వారానికి ఒకసారి 200లు పది, ఒక్కొక్కటి 27.4లో, మధ్యలో 200 జాగింగ్. షరతు ఏమిటంటే ప్రతి 200 తర్వాత రన్నర్ ముందు తన టైమ్ చెప్పాలి, ఆ తర్వాతే కోచ్ వాచీ చూపించాలి. మొదట్లో సెకను తేడాతో తప్పు చెబుతారు. రెండు నెలలకి రెండు మూడు పదోవంతుల్లోకి వస్తారు. ఆ పట్టు వచ్చినవాడికి లైట్లు అక్కర్లేదు.

రేస్‌కి పది రోజుల ముందు ముక్కల రేస్ ఒకటి: 1000 మీటర్లు 2:17.0లో, మూడు నిమిషాల విశ్రాంతి, 500 మీటర్లు 1:08.5లో. కలిపితే 3:25.5. ఈ 500 మొదటి 200ని 27.5 దాటనివ్వకండి, అది మీ మూడో రౌండ్ రిహార్సల్. 4:30 వాళ్లు 1000ని 3:00లో, 500ని 1:30లో చెయ్యండి.

10. ఆ రోజు

గాలి లేని సాయంత్రం కావాలి. ఎదురుగాలి తీసుకున్నంత, వెనకగాలి తిరిగివ్వదు. బానిస్టర్ ఆ రోజు పక్కనున్న చర్చి మీద జెండా ఎగరడం చూసి దాదాపు మానేద్దామనుకున్నాడు, ఆఖర్లో జెండా వాలితే దిగాడు. మీకూ ఒక జెండా చూసుకోండి. గాలి తగ్గకపోతే గెలవడానికి పరిగెత్తండి, రికార్డుని ఇంకో రోజుకి వాయిదా వేయండి.

స్పైక్స్ అడుగు మందం 20 మిల్లీమీటర్లు మించకూడదు, 2024 నవంబర్ 1 నుంచి ట్రాక్ మీద ఇదే హద్దు. రేస్ తర్వాత అది కొలుస్తారు.

గీత దాటి, జెండా కప్పుకుని, ఫొటోలు దిగాక ఇంకో పని ఉంటుంది. రికార్డు ఆమోదం కావాలంటే డోపింగ్ పరీక్షకి శాంపిల్ ఇవ్వాలి. ఒంట్లో నీళ్లన్నీ ట్రాక్ మీద వదిలి వచ్చాక మూత్రం అంత తొందరగా రాదు. ఒక చిన్న గదిలో, నీళ్ల సీసా పట్టుకుని, ఎదురుగా అధికారి కూర్చుని ఉండగా గంటలు గడుస్తాయి. కోచ్‌కి చెప్పి ఒక స్వెటర్ సిద్ధంగా ఉంచుకోండి, ఆ గదుల్లో ఏసీ ఎక్కువ.